ఏడో నంబరు ముద్ర

మా అమ్మకి రాక్ సంగీతం పడదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆ వేసవి సంగతి విన్నవాళ్ళంతా, ఆవిడకి లోలోపల ఇష్టం పుట్టుకొచ్చి ఉంటుందిలే అని తేల్చేస్తారు. పుట్టలేదు. ఆఖరిదాకా ఆవిడ మాట ఒకటే: "ఇనపసామాన్ల కొట్లో పిల్లులు పోట్లాడుకున్నట్టు ఉంటుంది."

ఆ మాటకొస్తే అమ్మకి ఏ సంగీతమూ పట్టదు. సమర్కందులో రికార్డుల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ ఉద్యోగం వినడం. గోడలకి మందపాటి ఉన్ని కొట్టిన చిన్న గది, ఒక బల్ల, రికార్డు తిప్పే యంత్రం, స్పీకరు, దీపం. అచ్చయి వచ్చిన రికార్డుల్లోంచి నూటికొకటి తీసి ఆవిడ ముందు పెడతారు. ఆవిడ వినేది పాటని కాదు, పాటలో ఉండకూడనిదాన్ని. ఒక చిటుక్కు, ఒక గరగర, ముల్లు ఎగిరిపడిన చప్పుడు. ఉంటే ఏ వైపు, ఎన్నో పాట, ఎక్కడ అని రాస్తుంది. లేకపోతే రికార్డు నడిమి కాగితం మీద ఊదా సిరాతో తన నంబరు ముద్ర వేస్తుంది. ఏడు. ఫ్యాక్టరీలో ఆవిడ పేరే ఏడో నంబరు ముహర్రం. ఏడో నంబరున్న రికార్డుని ముల్లు పెట్టి చూడకుండానే కొనుక్కోవచ్చని కొట్లవాళ్ళు అనేవారు.

మా ఇంట్లో రేడియో లేదు. "ఇంటికొచ్చాక నా చెవులకి సెలవు" అనేది అమ్మ.

నేను దానికి పూర్తిగా విరుద్ధం. పెరట్లో బొగ్గుల కొట్టు నాది. అందులో మేనమామ పారేసిన రీళ్ళ టేపురికార్డరు, ఏడు రీళ్ళు. ఏడూ పైదేశాల రాక్ ఆల్బములే. వాటి అట్టలు నేనెప్పుడూ చూడలేదు, పాటల పేర్లు తెలియవు, పాడేవాళ్ళ మొహాలు తెలియవు. ఎక్కడో ఓడరేవులో ఎవరో నావికుడు తెచ్చిన ఒక్క రికార్డుకి నకలు, నకలుకి నకలు తీస్తూ తీస్తూ మా ఊరు చేరేసరికి పదో నకలో పన్నెండోదో అయ్యేది. అందుకని వాటికి నేనే పేర్లు పెట్టుకున్నాను. మల్బరీ రీలు, నా వేలి మరకల వల్ల. జ్వరం రీలు, పదిహేనో ఏట తట్టు పోసినప్పుడు విన్నందుకు. మల్బరీ రీలు నాకు కోపం తెచ్చుకోవడం నేర్పింది. జ్వరం రీలు ఒక్కదాన్నే ఉండడం నేర్పింది. అన్నిటికంటే ప్రాణమైనది మూడోది. అందులో రెండో వైపు మూడో పాటలో గిటార్లూ డ్రమ్ములూ అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో దూరంగా టక్... టక్... టక్. మూడే మూడు దెబ్బలు. అప్పుడు మళ్ళీ గొంతు అందుకుంటుంది. అందరూ చేతులెత్తేసిన చోట ఎవరో ఒకడు ఆ చిన్న చప్పుడుతో నిలబడ్డాడని నాకనిపించేది. స్కూల్లో తిట్లు తిన్న రోజున ఆ మూడు దెబ్బల కోసమే ఇంటికి పరిగెత్తుకొచ్చేదాన్ని.

పంతొమ్మిది వందల ఎనభై నాలుగు జూన్ మొదట్లో అమ్మ దగ్గరే చిన్న వినికిడిదారుగా చేరాను. నాకు పంతొమ్మిదేళ్ళు. మొదటి వారంలోనే, ఏ అనుమతి మీద వచ్చిందో గానీ, ఒక విదేశీ ఆల్బము మా దగ్గర అచ్చయి నా బల్ల మీదికొచ్చింది. ముల్లు పెట్టాను. రెండు క్షణాల్లో గుర్తుపట్టాను. నా మూడో రీలే! పాటలు కడిగిన గాజులా ఉన్నాయి. రెండో వైపు మూడో పాట వచ్చింది. అన్నీ ఆగిపోయాయి. నిశ్శబ్దం. గొంతు అందుకుంది.

టక్ లేదు.

నాలుగు రికార్డులు మార్చి చూశాను. ఒక్కదాంట్లోనూ లేదు. కాగితం తీసుకుని శ్రద్ధగా రాశాను: "రెండో వైపు, మూడో పాట, మూడు దెబ్బలు లేవు. సరుకంతా లోపమే."

అచ్చు యంత్రం ఆపేశారు. అరగంటలో మా విభాగం పెద్ద నిగ్మతోవ్ గారు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చారు. అమ్మ నన్ను చూసి, "ఏం దెబ్బలే?" అంది.

"టక్ టక్ టక్ అని. నాకు తెలుసమ్మా. నాలుగేళ్ళుగా వింటున్నాను. మింగేశారు."

"తీసుకురా నీ రీలు."

మధ్యాహ్నం ఎండలో ఇంటికి పోయి రీలూ టేపురికార్డరూ మోసుకొచ్చాను. వినికిడి గదిలో పక్క బల్ల వెనేరా అక్క, నిగ్మతోవ్ గారు, యంత్రాలవాళ్ళిద్దరు, అందరూ చుట్టూ నిలబడ్డారు. అమ్మ కళ్ళు మూసుకుని విన్నది. ఆ చోటు వచ్చింది. టక్... టక్... టక్.

"గుండిగ మూత" అంది అమ్మ.

"ఏంటి?"

"పలావు గుండిగ మూతే పిల్లా. ఎవరింట్లోనో మైకు పెట్టి నకలు తీశారు. వంటింటి తలుపు తెరిచుంది. ఆవిడ మూత తీసి అంచుకేసి కొట్టి ఆవిరి నీళ్ళు దులిపింది. మూడుసార్లు." కాస్త ఆగి, "చేయి తిరిగిన మనిషే. నాలుగోసారి కొట్టలేదు" అంది.

వెనేరా అక్క నవ్వలేక కుర్చీలో కూలబడింది. "నాలుగేళ్ళుగా మూతకి దణ్ణం పెడుతోందర్రా ఈ పిల్ల! లోపం రాయండి నిగ్మతోవ్ గారూ, పలావు తక్కువైందని!"

ఆ నెలంతా ఫ్యాక్టరీలో నా పేరు పలావు. క్యాంటీన్లో నా కంచం చూసి ఒకళ్ళయినా గరిటెతో మూడు దెబ్బలు కొట్టకుండా ఉండేవాళ్ళు కాదు. అమ్మ మాత్రం ఒక్క మాట అంది. "ఇష్టపడే చెవికి లోపం వినిపించదు. అందుకే నేను ఇష్టపడను."

*

జూన్ ఆఖరి వారంలో చిల్లా మొదలైంది. మాకు నలభై రోజుల మండుటెండ అది. రోడ్డు మీది తారు చెప్పులకి అంటుకునేది. వినికిడి గదుల్లో ఫ్యాను పెట్టడానికి లేదు, దాని రొద స్పీకరులో కలుస్తుందని. తలుపు మూసి, తల మీద తడిగుడ్డ వేసుకుని కూర్చునేవాళ్ళం.

చిల్లా మొదటి రోజునే కిజిల్‌సాయ్ వాళ్ళ రికార్డు సంగతి వచ్చింది. కిజిల్‌సాయ్ అంటే వ్యవసాయ యంత్రాల కాలేజీలో చదువుకున్న నలుగురు కుర్రాళ్ళు. ఎలక్ట్రిక్ గిటార్ల పక్కన రుబాబు అనే తాతలనాటి తీగల వాద్యం వాయిస్తారు. మా భాషలో మావాళ్ళు పాడిన మొదటి రాక్ ఆల్బము అది. రాసినవాడి నుంచి అట్ట బొమ్మ గీసినవాడి దాకా అందరికీ అనుమతులున్నాయి. మూడు వేల రికార్డులు అచ్చయి మా తనిఖీ గదిలో కూర్చున్నాయి. ఈలోగా తాష్కెంటులో వాళ్ళ కచేరీ జరిగింది. కుర్రకారు కుర్చీలెక్కారు. దిగమంటే దిగలేదు. మర్నాడు పైఅధికారుల నుంచి మా ఫ్యాక్టరీకి ఫోను వచ్చింది, ఆ రికార్డు బయటికి పోకూడదని.

అమ్మ క్యాంటీనుకి వెళ్ళినప్పుడు నిగ్మతోవ్ గారు నా గదిలోకొచ్చి తలుపు వేశారు. చేతిలో టైపు చేసిన కాగితం. "రెండు వైపులా ఆద్యంతం గరగర. సరుకంతా పిండి చేసే మరకి." కింద రెండు సంతకాల చోటు. ఒకటి చిన్న వినికిడిదారుకి, ఒకటి పెద్ద వినికిడిదారుకి.

"గరగర లేదు కదండీ" అన్నాను.

"లేదు." ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. చెడ్డమనిషి కాదు. ఇంట్లో నలుగురు ఆడపిల్లలు. "చూడమ్మా, నిషేధం అంటే అనుమతిచ్చిన తొమ్మిదిమందీ ఎందుకిచ్చామో చెప్పుకోవాలి. లోపం అంటే ఎవరూ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. యంత్రం మీదికి పోతుంది. యంత్రానికి పెళ్ళాం పిల్లలు లేరు. మీ అమ్మకి ఆరు నెలల్లో పెన్షను. కొత్త ఇళ్ళ జాబితాలో మీది మూడో పేరు. అవునా?"

అవును. నాలుగో అంతస్తు, కొళాయి తిప్పితే వేడినీళ్ళు, బాల్కనీ. నాన్న బస్సు డ్రైవరు. ప్రతి ఆదివారం ఆ కట్టడం దగ్గరికి వెళ్ళి ఎన్ని వరసల ఇటుక లేచిందో లెక్కపెట్టుకుని వచ్చేవాడు. ఫ్రిజ్ ఏ మూల పెట్టాలో అప్పుడే జానతో కొలుచుకున్నాడు.

కిజిల్‌సాయ్ వాళ్ళ రికార్డు నేను అప్పటికే ఆరుసార్లు విన్నాను. పని కోసం ఒకసారి, నా కోసం అయిదుసార్లు. ఆ ఏడు రీళ్ళలో నేను వెతుక్కున్నదంతా, భాష తెలియక ఊహించుకున్నదంతా, అందులో నాకర్థమయ్యే మాటల్లో ఉంది.

సంతకం పెట్టేశాను.

అమ్మ వచ్చింది. నిగ్మతోవ్ గారు కాగితం ఆవిడ బల్ల మీద పెట్టి, "పాపాయి పెట్టేసింది అక్కయ్యా, మీరూ ఒక్కటి..." అన్నారు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. నన్ను పిలిచింది.

"ఎక్కడ విన్నావే గరగర?"

నేను బల్ల మీది రికార్డుల అంచులు సరిచేయబోయాను.

"ఏ వైపు? ఎన్నో పాట?"

"వినలేదు."

"మరి ఇదెవరి పేరు?"

"నాదే."

"ఊఁ." అంతే. తిట్టలేదు. తిడితే బాగుండునని ఎంత అనిపించిందో. ఆవిడ కళ్ళజోడు తీసి మడిచింది. "నిగ్మతోవ్ గారూ, సరుకంతా పాడైందని రాయాలంటే పద్నాలుగో నిబంధన ఏమంటుంది?"

"ఇప్పుడు నిబంధనలెందుకక్కయ్యా..."

"ఒక్కొక్కటీ మొదటినుంచి చివరిదాకా వినాలంటుంది. విని, లోపమున్నది మరకి, లేనిది ముద్ర వేసి ఏ రోజుది ఆ రోజు గోదాముకి పంపాలంటుంది. వింటాను."

"మూడు వేలున్నాయి!"

"ఉండనీండి. ఈ వేసవిలో నేను ఊరెళ్ళడం లేదు."

"అక్కయ్యా, మీకసలు ఆ పాటలు ఇష్టమేనా?"

"ఛీ" అంది అమ్మ. "కానీ గరగర లేదు."

*

ఆ సాయంత్రం ద్రాక్ష పందిరి కింద నాన్న రొట్టె తుంచి మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు. వార్త ఆయన బస్సులోనే ఎక్కి వచ్చింది.

"సంతకమే కదా" అన్నాడు. "నీ ఆస్తి అడిగారా?"

"అడిగారు" అంది అమ్మ, పియాలాలో టీ పోస్తూ. "నాకున్నది అదొక్కటే."

"వేడినీళ్ళు, ముహర్రం! చలికాలంలో నీ వేళ్ళు పగిలి నెత్తురొస్తుందే. బాల్కనీలో మిరపకాయలు ఎండబెట్టుకుంటానన్నది నువ్వే."

"అన్నాను."

"ఆ నలుగురు వెధవలు మనకి మేనల్లుళ్ళా? పోనీ పాటయినా బాగుందా?"

"ఫజీలత్ వాళ్ళ నాన్నా," అంది అమ్మ, ఎప్పటిలా నా పేరు పెట్టి, "మీ బస్సుకి బ్రేకులు బాగానే ఉన్నాయి. కానీ లేవని రాసివ్వమన్నారనుకోండి. రాస్తారా?"

"బ్రేకులు వేరు. మనుషులు చచ్చిపోతారు."

"అక్కడా మనుషులే" అంది అమ్మ. నాన్న లేచి కొళాయి దగ్గరికి వెళ్ళి, కడిగిన చేతులే మళ్ళీ కడుక్కున్నాడు.

నేను అప్పుడు నోరు తెరిచాను. "అమ్మా, నేనూ సాయం వింటాను. ఇద్దరం అయితే తొందరగా..."

"నువ్వు వినకూడదు." నన్ను చూడకుండానే అంది. "నీ చెవులకి వాళ్ళంటే ఇష్టం. నీ చేతికి భయం. ఆ రెండూ పెట్టుకుని తనిఖీ చేయలేవు. దుమ్ము తుడువు. పెట్టెలు మొయ్యి."

తుడిచాను. మోశాను.

ఒక్కో రికార్డు రెండు వైపులా ముప్పై ఆరు నిమిషాలు. రోజుకి పదకొండు. ఉదయం ఎనిమిదికి అమ్మ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. అద్దంలోంచి నాకు ఆవిడ వీపు, తల మీది తడిగుడ్డ కనిపించేవి. పది నిమిషాల్లో గుడ్డ ఆరిపోయేది. ఒక వైపు అయ్యాక బయటికి చేయి చాపేది. నేను తడిపి ఇచ్చేదాన్ని. చొక్కా వీపుకి అంటుకుని, ఎండిన చోట ఉప్పు తెల్లగా చారలు కట్టేది. సాయంత్రం పదకొండు రికార్డుల పెట్టెని నేనే గోదాముకి మోసుకెళ్ళి వ్యాన్ ఎక్కించేదాన్ని. అది అటునుంచటే కొట్లకి పోయేది. మూడో రోజున గానీ నిగ్మతోవ్ గారికి ఆ సంగతి తట్టలేదు. వ్యాన్ వెనక రెండడుగులు వేసి ఆగిపోయారు. నిబంధన మరి.

కొట్లలో ఆ పదకొండూ పావుగంట కూడా నిలవలేదు. ఆ వేసవంతా సమర్కందులో కుర్రకారు రికార్డు అట్ట లోపలికి తొంగిచూసి, ఏడు ఉందా అని వెతికేవారు.

ఆరో రోజున ఒక రికార్డుని అమ్మ పక్కన పెట్టింది. లోపం.

"ఏముందమ్మా?"

"మొదటి వైపు నాలుగో పాట. చిటుక్కు."

నేను విన్నాను. రెండోసారి చెవి ఆనిస్తే వినిపించింది, చీమ కుట్టినంత. "అమ్మా, ఇదెవరికి తెలుస్తుంది? ఒక్కటి బతుకుతుంది కదా. వేసెయ్యి."

ఆవిడ తలమీది గుడ్డ తీసి నా వంక చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇది వదిలేస్తే, మిగతావాటి మీద నా ముద్రకి అర్థమేముందే?"

అలా తొమ్మిది పోయాయి. నిగ్మతోవ్ గారు ఆ తొమ్మిదింటినీ తిప్పి తిప్పి చూసి నిట్టూర్చారు. ఆవిడ ఒక్క తప్పు ముద్ర వేసి ఉంటే ఆయన పని సులువయ్యేది.

నూటయాభై దాటాక అమ్మ అన్నం దగ్గర మాట్లాడడం మొదలుపెట్టింది. పాటల గురించి కాదు.

"ఆ డ్రమ్ములవాడికి మూడో పాటలో తొందర. రుబాబువాడు వాడి కోసం ఆగుతాడు. మంచి పిల్లాడు."

ఇంకో రోజు, "మధ్యలో ఎవరో చెప్పులు విప్పారు. ఎడమ పక్కన."

మరో రోజు రొట్టె నములుతూ నములుతూ ఆగిపోయింది. "పాడేవాడికి పన్ను పుచ్చింది. పైవరస, ఎడమవైపు. రెండో వైపుకొచ్చేసరికి ఊపిరి కుడివైపు నుంచే లాగుతున్నాడు. చల్లగాలి తగిలితే జివ్వుమంటోంది కాబోలు. వాళ్ళమ్మ చూసుకోదూ?"

నాన్న ఆ రోజుల్లో అమ్మతో ముక్తసరిగా మాట్లాడేవాడు. అయినా ఆపుకోలేక, "పన్ను కూడా వినిపిస్తుందా?" అన్నాడు.

"రెండు వందల సార్లు వింటే మీకూ వినిపిస్తుంది."

*

చిల్లా ఆఖరి రోజుల్లో అమ్మని వైద్య పరీక్షకి రమ్మని కాగితం వచ్చింది. చెవుల పరీక్ష. నేను తోడు వెళ్ళాను. డాక్టరు చిన్నవాడు. చెవుల్లో గొట్టాలు పెట్టి ఏవో కూతలు వినిపించాడు. అన్నిటికీ అమ్మ వేలెత్తింది. కొన్నిటికి అతను మీట నొక్కకముందే ఎత్తింది. "ఆ మీట వదులైంది నాయనా, నొక్కే ముందు గునుస్తోంది" అంది.

అతను తల వంచుకుని రాస్తూనే ఉన్నాడు. గదిలో గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మీ గడియారం తొమ్మిదో దెబ్బ దగ్గర తడబడుతోంది. బాగుచేయించుకో" అంది అమ్మ లేస్తూ.

మర్నాడు ఫ్యాక్టరీకి పత్రం చేరింది. "రెండు చెవులా వినికిడి మందగించింది. విధులకి పనికిరారు." పెన్షనుకి అయిదు నెలలు తక్కువగా అమ్మని ఇంటికి పంపేశారు. ఇళ్ళ జాబితాలో మా పేరు మూడో చోటునుంచి కిందికి జరగను కూడా లేదు, మొత్తానికే లేకుండా పోయింది.

అమ్మ తన గదికి వెళ్ళి తడిగుడ్డ పిండి ఆరేసింది. ముద్ర తుడిచి డబ్బాలో పెట్టింది. ఇరవై ఎనిమిది పనిదినాలు, మూడు వందల ఎనిమిది రికార్డులు. తొమ్మిది తీసేస్తే రెండు వందల తొంభై తొమ్మిది. వెనేరా అక్క గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. "ఏడవకే" అంది అమ్మ. "చెవిటిదాన్ని, వినబడదు."

మిగతావాటి కోసం తాష్కెంటు నుంచి ఒక పెద్ద వినికిడిదారు వస్తున్నాడని చెప్పారు. పాత కాగితం మీదే రెండో సంతకం పెడతాడు. మొదటిది ఉంది కదా.

నేను నిగ్మతోవ్ గారి గదికి వెళ్ళాను. "ఆ కాగితం ఒకసారి చూపిస్తారా? తారీఖు తప్పు వేశానేమో." ఆయన తీసిచ్చారు. బల్ల మీది కలం తీసుకుని నా పేరు కొట్టేశాను. కింద రాశాను: "నేను ఏ గరగరా వినలేదు. భయపడి పెట్టాను. ఫజీలత్."

ఆయన చదివి కాగితం బల్ల మీద పడేశారు. "నువ్వు కొట్టేస్తే రికార్డులు ఆగుతాయా పిచ్చిపిల్లా? ఇంకో కాగితం టైపు చేయిస్తాను."

"చేయించండి."

"మరెందుకిది?"

"లోపం ఎక్కడుందో రాయాలి కదండీ, రాశాను."

ఆయన నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. మర దగ్గరికి మార్చారు. రికార్డులు పిండి చేసేముందు నడిమి కాగితం ఊడదీయాలి. అది నా పని. రెండు వేల ఏడు వందల ఒక్క కిజిల్‌సాయ్ రికార్డుల నడిమి కాగితాలు నా చేతులతోనే ఊడదీశాను. తొమ్మిదింటి మీద అమ్మ రాత ఉంది, ఏ వైపు, ఎన్నో పాట. మిగతావి ఎవరూ విననివి. నల్లపిండి బస్తాలకెత్తారు. ఆ ఆకురాలు కాలంలో దాంతోనే పిల్లల పాటల రికార్డులు అచ్చేశారు. ఏడో నంబరు లేని రికార్డులవి. మా పక్కింటి పిల్ల ఒకటి కొనుక్కుంది. దాన్ని పెట్టినప్పుడల్లా నేను ఒక్క క్షణం నిలబడిపోయేదాన్ని, అందులోని కుందేలు పాట కింద ఏదైనా వినిపిస్తుందేమోనని.

*

చలి మొదలైంది. బొగ్గుల కొట్టు నిండింది. నా టేపురికార్డరు వంటింట్లో ఒక మూలకి చేరింది. అమ్మ పక్కనున్న గిన్నెలు కాస్త జరిపింది. నాన్న రోజూ బొగ్గు బకెట్టు తెచ్చి అమ్మ పక్కన దించేవాడు, అవసరమైనదానికంటే కాస్త గట్టిగా. ఆదివారాలు ఆ కట్టడం వైపు వెళ్ళడం మానేశాడు. బస్సు దారి కూడా మార్పించుకున్నాడు.

నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ పెరట్లో పలావుకి కారెట్లు సన్నగా తరుగుతోంది. వేలి చివర్లు అప్పుడే పగిలాయి, గుడ్డపీలికలు చుట్టుకుంది. గేటు చప్పుడైంది. పొడుగ్గా, బక్కగా, పాత తోలుకోటు వేసుకున్న మనిషి. ఇరవై అయిదేళ్ళుంటాయేమో. కిజిల్‌సాయ్ అట్ట మీద మైకు పట్టుకున్నవాడు.

అతను అమ్మవైపు వంగి, వీధంతా వినపడేలా అరిచాడు. "అమ్మా! ఏడో నంబరు ముహర్రం గారంటే మీరేనా? ఫ్యాక్టరీలో చెప్పారు! మీకు చెవులు వినపడవని!"

పందిరి మీది పిచ్చికలు లేచిపోయాయి. అమ్మ కత్తి కింద పెట్టింది.

"అరవకు నాయనా. ఆ పన్ను పీకించుకున్నావా?"

అతను నోరు తెరుచుకుని ఉండిపోయాడు. తెరుచుకున్న నోట్లో పైవరస ఎడమవైపు ఖాళీ నల్లగా కనిపించింది.

"సెప్టెంబరులో..." అన్నాడు నెమ్మదిగా. "మీకెలా తెలుసు?"

"చాలా ఆలస్యం చేశావు. రెండో వైపంతా బాధపడుతూ పాడావు. కూర్చో. ఆ డ్రమ్ములవాడికి చెప్పు, మూడో పాటలో ఎక్కడికీ బస్సు తప్పిపోవడం లేదని."

నాన్న గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు, తన నాలుగో అంతస్తుని, వేడినీళ్ళని, బాల్కనీని చూస్తున్నట్టు. తర్వాత లోపలికి వెళ్ళి ఇంకో పియాలా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఈసారి చప్పుడు కాలేదు.

అతను టీ తాగలేదు. సంచిలోంచి ఒక రికార్డు తీశాడు. వాళ్ళదే. వాళ్ళకీ ఒక్కటీ ఇవ్వలేదట. సమర్కందు కొట్లో వరసలో నిలబడి కొనుక్కున్నాడట. జేబులోంచి కలం తీసి రెండు చేతులతో అమ్మ ముందు పెట్టాడు.

"మీరొక సంతకం పెట్టాలి" అన్నాడు.

నాన్న నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను. ఆ వేసవంతా ఆ మాట ఎన్ని గొంతులతో విన్నామో.

అమ్మ చేతులు చొక్కా అంచుకి తుడుచుకుని రికార్డు బయటికి తీసింది. అంచులు పట్టుకుని వెలుగుకి ఎత్తింది. అటు వంచింది, ఇటు వంచింది.

"మొండి ముల్లుతో తిప్పుతున్నావు. మార్చు" అంది.

"అలాగే."

ఆవిడ కలం అందుకోలేదు. గుడ్డపీలిక చుట్టిన వేలితో రికార్డు నడుమ ఊదారంగు అంకె మీద ఒకసారి తట్టింది.

"పెట్టాను కదా" అంది. కత్తి తీసుకుని మళ్ళీ కారెట్లు తరగడం మొదలుపెట్టింది.